మావయ్యగారితో బండలాగుడికి

కార్తీకమాసంలో ఒక ఆదివారం పొద్దున్నే మా పెద్దవాడు అమెరికా నుంచి ఒక వీడియో పంపాడు. ఎమ్మెస్ చదవడానికి ఆగస్టులో షార్లెట్ వెళ్లాడు వాడు. శనివారం రాత్రి స్నేహితులంతా కలిసి కారేసుకుని కాన్‌కర్డ్ అనే ఊరికి వెళ్లారట, మట్టి ట్రాక్ మీద కార్ల పందేలు చూడటానికి. ఫ్లడ్ లైట్ల వెలుగులో ఎర్రమట్టి బాట గుండ్రంగా ఉంది. ముక్కులు నలిగిపోయిన కార్లు దాని మీద పక్కకి జారుతూ తిరుగుతున్నాయి. మట్టి పెళ్లలు ఎగిరి కంచె దాకా వస్తున్నాయి. ఆ మోతకి నా చెవులు గింగిర్లెత్తి ఫోన్ పక్కన పెట్టేశాను.

మావయ్యగారు మాత్రం కళ్లజోడు పెట్టుకుని మూడుసార్లు చూశారు. చూసి, "ఇది మన బండలాగుడే కదమ్మా" అన్నారు.

ఆయనకి డెబ్బై ఎనిమిదేళ్లు. అత్తయ్యగారు పోయాక పామర్రు దగ్గర ఊరు వదిలి పటమటలో మాతోనే ఉంటున్నారు. నేను కాపురానికి వచ్చి ఇరవై నాలుగేళ్లయింది. వరి గురించి, కాలువ గురించి, మినుముల ధర గురించి ఎంతసేపైనా మాట్లాడతారు కానీ ఎడ్ల మాట ఆయన నోట నేనెప్పుడూ వినలేదు. ఊళ్లో కొట్టం ఖాళీగా ఉండేది. అందులో కట్టెలు పెట్టుకునేవాళ్లం. అలాంటి మనిషి ఆ రోజు మధ్యాహ్నం భోజనం దగ్గర, "ఈ సంక్రాంతికి ఎక్కడైనా పెడితే తీసుకెళ్లరా ఒకసారి" అని కొడుకుని అడిగారు. మా వారు ముద్ద కలపడం ఆపి నా వైపు చూశారు.

నాకు ఏదైనా ఒకటి తెలిసిందంటే దాని పుట్టుపూర్వోత్తరాలు చదవందే నిద్ర పట్టదు. బీఏ తెలుగు చదువుకున్నదాన్ని, ముందు మాట దగ్గరే ఆగిపోయాను. స్టాక్ కారు అంటే ఏమిటి? వెతికితే తేలింది, షోరూములో అమ్మకానికి పెట్టిన మామూలు కారు అని. పందెం కోసం తయారు చేసినది కాదు, మనం కూరగాయలకి వేసుకెళ్లేదే.

దాని కథ సారా దగ్గర మొదలైంది. అమెరికాలో 1920 నుంచి 1933 వరకు మద్యనిషేధం. అది ఎత్తేశాక కూడా పన్ను ఎగ్గొట్టడానికి దక్షిణాది కొండల్లో నాటుసారా కాచేవాళ్లు. ఆ సారా రాత్రిపూట పట్నానికి చేర్చాలి, పోలీసులకి దొరక్కూడదు. అందుకని ఫోర్డు కార్లు కొని, పైకి మామూలుగానే ఉంచి, లోపల ఇంజను పదును పెట్టేవాళ్లు. సరుకు బరువుకి వెనక భాగం కిందికి దిగిపోతే అనుమానం వస్తుంది కాబట్టి స్ప్రింగులు గట్టివి వేసేవాళ్లు. మరి రాత్రంతా అలా నడిపినవాళ్లకి, ఎవరి కారు గట్టిదో తేల్చుకోవాలని ఉండదా? వాళ్లలో కొందరు ఆదివారాలు పొలాల్లో మట్టి మీద పందేలు వేసుకున్నారు. జూనియర్ జాన్సన్ అని పెద్ద పేరున్న రేసరు కూడా అలా సారా తోలినవాడే. పోలీసులు అతన్ని రోడ్డు మీద ఎన్నడూ పట్టుకోలేకపోయారు. చివరికి 1956లో వాళ్ల నాన్న సారా బట్టీ దగ్గర కాపు కాసి పట్టుకున్నారు. జైలుకి కూడా వెళ్లొచ్చాడు.

1948లో, మనకి స్వాతంత్ర్యం వచ్చిన మరుసటేడు, నాస్కార్ అనే సంస్థ పుట్టింది. ఆ మరుసటేడు, 1949 జూన్ 19న, మా వాడుండే షార్లెట్‌లోనే ఒక మట్టి ట్రాక్ మీద 'పూర్తిగా మామూలు కార్ల' పందెం మొదటిసారి పెట్టారు. గ్లెన్ డనవే అనేవాడు ఫోర్డు కారులో మొదట వచ్చాడు. పందెమయ్యాక కారు విప్పి చూస్తే వెనక స్ప్రింగులు దొంగసారాకి బిగించినవి! చెల్లదన్నారు. జిమ్ రోపర్ అనే అతను గెలిచినట్టు ప్రకటించారు. కారు యజమాని కోర్టుకి కూడా వెళ్లి ఓడిపోయాడు.

పని చేసిన బండి గెలిచిందని దాన్ని తీసేశారన్నమాట. ఇది చదివి మావయ్యగారికి చెబితే ఆయన నవ్వి, "మన దగ్గర ఇంకో రకం. పని చెయ్యని ఎడ్లని పనిచేసేవి అంటారు. చూద్దువుగాని రా" అన్నారు.

అప్పుడు అర్థం కాలేదు నాకు.

తీసుకెళ్లడం అనుకున్నంత తేలిక కాలేదు. మా పాప ఇంటరు రెండో సంవత్సరం. వీధికుక్కకి దెబ్బ తగిలితే రెండు రోజులు అన్నం తినని పిల్ల. "ఎద్దుల్ని కొట్టి బండలు లాగించడం చూడటానికి నేను రాను, మీరూ వెళ్లకూడదు" అంది. 2014 మే 7న సుప్రీంకోర్టు జల్లికట్టుని, ఎడ్లబండ్ల పందేల్ని నిషేధిస్తూ ఇచ్చిన తీర్పు ఫోన్‌లో తీసి నా ముందు పెట్టింది. మా వారు, తమిళనాడు 2017లో చట్టం మార్చుకుందనీ, 2023 మే 18న అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం అలాంటి చట్టాలు చెల్లుతాయందనీ చెప్పారు. "చెల్లితే ఎద్దుకి నొప్పి ఉండదా నాన్నా?" అంది. దానికి ఆయన దగ్గరా నా దగ్గరా కూడా సమాధానం లేదు. ఒక మాట మాత్రం నేను గమనించాను. ఇప్పుడు బ్యానర్ల మీద పందెం అని రాయడం లేదు, 'ఎడ్ల బల ప్రదర్శన' అని రాస్తున్నారు. మాట మార్చినంత మాత్రాన చెర్నాకోల మెత్తబడదు కదా.

చివరికి తాతయ్య ఒక్క మాటతో ఒప్పించారు. "నువ్వూ రా తల్లీ. తప్పనిపిస్తే అక్కడే నాతో చెప్పు, లేచి వచ్చేద్దాం."

ఈ పోటీలకి గుడివాడ బాగా పేరున్న చోటు. మేం మాత్రం అంత రద్దీ పడలేమని ఆ పక్కనే ఒక పల్లెలో పెట్టిన దానికి వెళ్లాం. కనుమ వెళ్లిన శనివారం. పులిహోర కలిపి, అరిసెలు మూటకట్టి, ఆరింటికల్లా బెంజి సర్కిల్ దాటాం. కానూరు, పోరంకి, పెనమలూరు వరకు ఊరు అయిపోయిందనిపించదు. కంకిపాడు దాటాకే పొలాలు కనిపిస్తాయి. కోత కోసిన మాగాణిలో మినుము పచ్చగా పరుచుకుని ఉంది. అక్కడి నుంచి మావయ్యగారు కిటికీ దించమన్నారు.

ఈ దారంతా కృష్ణ నీళ్లు పుట్టించినదే. 1832-33 కరువులో గుంటూరు సీమ జనం తిండి లేక గుంపులు గుంపులుగా చచ్చిపోయారు. తర్వాత ఇరవై ఏళ్లకి బెజవాడ దగ్గర, రెండు కొండల నడుమ నది ఇరుకైన చోట ఆనకట్ట మొదలుపెట్టారు. ఆలోచన కాటన్ దొరది, దగ్గరుండి కట్టించింది కెప్టెన్ ఓర్. 1852లో మొదలై 1855కి పూర్తయింది. అది 1952లో తెగితే, దాని బదులు కట్టిందే 1957లో పూర్తయిన మన ప్రకాశం బ్యారేజీ. నీళ్లు పారాక మెట్ట మాగాణి అయింది, వరి వచ్చింది, వడ్లు బందరు దాకా మొయ్యడానికి బండ్లు కావలసి వచ్చాయి.

నేను పుస్తకంలో చదివింది చెబుతుంటే మావయ్యగారు సరిచేశారు. "దమ్ముకి ఎడ్లు కాదమ్మా, దున్నపోతులు. బురదలో అవే ఆగుతాయి. ఎడ్లు బండికి, మెట్ట దున్నకానికి, కుప్పనూర్పులకి." ఆయన చిన్నప్పుడు నూర్పులయ్యి, ఎడ్లకి పని లేని రోజుల్లో, చెరువుగట్టు మీదున్న ఒక పాత రాయికి గొలుసు కట్టి ఎవరి జత ఎంత దూరం లాగుతుందో చూసుకునేవాళ్లట. బహుమతి ఒక తలగుడ్డ. ఓడినవాడు మర్నాడు అదే జతతో బండి కట్టుకుని మిల్లుకి వెళ్లేవాడు. అమెరికావాళ్ల సారా కారు లాగానే.

అవన్నీ ఒంగోలు జాతివే. మూపురం ఎత్తుగా, గంగడోలు వేలాడుతూ, తెల్లగా ఉంటాయే, అవి. ఈ జాతి 19వ శతాబ్దంలోనే ఓడలెక్కి బ్రెజిల్ చేరింది. అప్పట్లో ఒంగోలు నెల్లూరు జిల్లాలో ఉండేది, అందుకే వాళ్లు దాన్ని నెలోర్ అంటారు. 1960ల మొదట్లో ఒంగోలు పక్కన కరవది నుంచి వెళ్లిన ఒక గిత్తకైతే ఆ ఊరి పేరే పెట్టుకున్నారు. ఇప్పుడు అక్కడ ఈ రక్తం ఉన్న పశువులు కోట్లలో ఉన్నాయి. పాప గబుక్కున, "అక్కడ వాటితో ఏం చేస్తారు?" అంది. మాంసానికి పెంచుతారని చెప్పాల్సి వచ్చింది. కారులో కాసేపు ఎవరం మాట్లాడలేదు.

ఉయ్యూరు దగ్గర ఇరుక్కున్నాం. చెరకు సీజను కదా, ఫ్యాక్టరీకి వెళ్లే ట్రాక్టర్లు బారులు తీరాయి. మూరల కొద్దీ చెరకు బయటికి వేలాడుతూ, ఒక్కో ట్రక్కు వెనక పాతిక కార్లు. మావయ్యగారు వాటినే చూస్తూ, "ఇవే మింగేశాయి" అన్నారు. కోపంగా కాదు, మామూలుగానే అన్నారు. 1967లో పశ్చిమగోదావరి ఆచంటలో నెక్కంటి సుబ్బారావుగారు ఐఆర్-8 వరి పండించి చూపించాక డెల్టా అంతా పొట్టి వంగడాలు పాకాయి. సార్వా కోసీ కొయ్యగానే దాళ్వా వెయ్యాలి. మధ్యలో ఉన్న నాలుగు రోజుల్లో పొలం తయారవ్వాలి. ఎడ్లకి పదిరోజుల పని ట్రాక్టరు ఒక్క పూటలో చేస్తుంటే ఎవరు మాత్రం ఆగుతారు? ఏడాది పొడుగునా మేత వెయ్యాలి, పని ఇరవై రోజులు. మా వారు బందరులో డిగ్రీలో చేరిన ఏడాది, 1989లో, ఇంట్లో ఆఖరి జత వెళ్లిపోయింది. "అంతటితో కాడి కింద పడేశాను" అన్నారాయన. ఆ జాతీయం ఎన్నిసార్లు పరీక్షల్లో రాశానో. ఒకాయన నిజంగా కాడి కింద పెట్టి చెప్పడం అదే వినడం.

పదిన్నరకి చేరాం. పొలం చదును చేసి పొడవాటి బాట తయారు చేశారు. రెండు వైపులా తాళ్లు కట్టి, అడుగుల లెక్కకి ముగ్గుతో గీతలు గీశారు. చుట్టూ గ్యాలరీ అంటే ట్రాక్టర్ ట్రక్కులే. జనం వాటి మీదెక్కి కూర్చున్నారు. ఎడ్లు వచ్చింది లారీల్లో, బొలేరోల్లో. బండని మొదటి గీత దగ్గరికి ఈడ్చి పెట్టడానికి కూడా ట్రాక్టరే వచ్చింది. నాకు నవ్వొచ్చింది కానీ మావయ్యగారు నవ్వలేదు.

లెక్కలు చాలా పద్ధతిగా ఉంటాయి. ఎద్దు వయసు పళ్లని బట్టి. రెండో ఏడు దాటాక పాలపళ్లు ఊడి ముందు రెండు పెద్దపళ్లు వస్తాయి, తర్వాత ఏడాదికొక జత చొప్పున నాలుగు, ఆరు, ఎనిమిది. కాబట్టి రెండు పళ్ల విభాగం, నాలుగు పళ్ల విభాగం, ఆరు పళ్ల విభాగం, ఆపైన జూనియర్లు, సీనియర్లు. విభాగం పెరిగేకొద్దీ బండ బరువు పెరుగుతుంది. ఇచ్చిన నిమిషాల్లో ఎన్ని అడుగులు లాగాయన్నదే గెలుపు. బాట చివర బండని వెనక్కి తిప్పి మళ్లీ లాగాలి. ఆ తిప్పడంలోనే ఓడిపోయేవాళ్లు ఎక్కువట. వీటన్నిటి మధ్యలో సేద్యపు విభాగం అని ఒకటుంది. పందేలకని పెంచినవి కాకుండా, పొలం పని చేసే ఎడ్లకి మాత్రమే అది. మైకులో ఆ పేరు వినగానే నాకు షార్లెట్ పందెం గుర్తొచ్చి ఒళ్లు జలదరించింది. 'పూర్తిగా మామూలు' అని వాళ్లన్నదీ ఇదే కదా!

మొదటి జత వచ్చింది. మువ్వలు, నుదుటి మీద కుంకుమ, నిగనిగలాడే ఒళ్లు. కాడికి గొలుసు తగిలించగానే అవే ముందుకి దూకాయి, ఎవరూ అదిలించకముందే. ఇది నేను ఊహించలేదు. బండ కదిలినప్పుడు ఒక చప్పుడొస్తుంది, నేల గొంతు సవరించుకున్నట్టు. ముక్కుల్లోంచి పొగలాంటి ఊపిరి. ఇద్దరు ముగ్గురు మనుషులు పక్కన పరిగెత్తుతూ, అరుస్తూ. మొదటి రెండు సార్లు చెర్నాకోల గాల్లోనే ఆడింది. మూడోసారి తిప్పేటప్పటికి ఒక ఎద్దు మోకాళ్ల మీద ఒంగింది. అప్పుడు తగిలింది దెబ్బ, వీపు మీద, చప్పుడు మాకు వినపడేలా. కమిటీవాళ్లు మైకులో కొట్టొద్దని అరిచారు. రెండోది కూడా పడింది.

పాప తాతయ్య చెయ్యి పట్టుకుని, "తాతయ్యా, వెళ్దాం" అంది. ఆయన వెంటనే లేచారు. మాటకి కట్టుబడి లేచారు కానీ తిన్నగా కారు వైపు రాలేదు. ఎడ్లు కట్టేసిన చెట్ల కిందికి నడిచారు. మేం వెనకే వెళ్లాం.

అక్కడ సేద్యపు విభాగంలో లాగబోయే జతలున్నాయి. ఆయన ఒక్కొక్క దాని దగ్గరికి వెళ్లి, గంగడోలు నిమిరి, మూపురం ముందు మెడ మీద అరచెయ్యి వేసి చూస్తున్నారు. నాలుగో జత దగ్గర పాపని పిలిచి, "చెయ్యి పెట్టు" అన్నారు. మెత్తగా, పట్టు బట్టలా ఉందట. "కాడి మోసిన ఎద్దుకి ఇక్కడ కాయ కాస్తుంది తల్లీ, నాగలి పట్టినవాడి అరచేతికి కాసినట్టు. వీటికి లేదు. వీటిచేత ఎవరూ దున్నించలేదు." ఆ మాటలు విన్న ఎద్దుల రైతు, పాతికేళ్ల కుర్రాడు, ఏమీ అనుకోలేదు. "నిజమేనండి బాబాయ్‌గారూ. ఏడాదికోసారి శాస్త్రానికి నాలుగు సాళ్లు దున్నిస్తాం. అసలు పొలం మొత్తం ట్రాక్టరే" అన్నాడు. ఉలవలు, పత్తిగింజలు, తవుడు, రోజూ కాలవలో ఈత, కాళ్లకి నూనె. జత మీద పెట్టిన డబ్బుతో కారు వస్తుందట. "పందేలు ఆపేస్తే ఏం చేస్తావు?" అని పాప అడిగింది. కుర్రాడు తల గోక్కుని, "అమ్మేస్తాను చెల్లీ. ఊరికే ఎలా మేపుతాం?" అన్నాడు.

"ఎవరికి?"

అతను మావయ్యగారి వైపు చూశాడు. ఆయన తల తిప్పుకున్నారు.

అక్కడ కొట్టంలో ఉన్న ఎద్దుకి అంతకు మించి రెండే దారులున్నాయి. నేను పందెం మంచిదని అనడం లేదు. ఆ దెబ్బ చప్పుడు నాకింకా వినపడుతోంది, చెర్నాకోల బరిలోకి తేకూడదని గట్టిగా నిలబెట్టే కమిటీ ఉంటే దానికే నా ఓటు. కానీ డెల్టాలో ఈ పందెం పోతే ఎద్దు హాయిగా బతుకుతుందని చెబితే అది మాత్రం అబద్ధం. అమెరికాలో 1970 సెప్టెంబర్ 30 తర్వాత నాస్కార్ పెద్ద పందేలు యాభై ఏళ్లు మట్టి మీద జరగలేదు, అన్నీ తారు మీదికి వెళ్లాయి. స్టాక్ కారు కూడా పేరుకే స్టాక్, ఇప్పుడు దాన్ని షోరూములో ఎవరూ అమ్మరు. ఇనుముకి ఫరవాలేదు. ఎద్దుకి ఆకలేస్తుంది.

కాలవగట్టు మీద చెట్టు నీడన కూర్చుని పులిహోర తిన్నాం. అప్పుడు పాప అడిగింది. మా వారు ముప్పై అయిదేళ్లుగా అడగని ప్రశ్న అది. "తాతయ్యా, మన ఎడ్లు ఏమయ్యాయి?"

"సంతలో ఒక బేరగాడికి ఇచ్చేశాను. మెట్ట రైతు కోసం కొంటున్నానన్నాడు." కాసేపాగి, "వాడి చేతిలో కాడి లేదు, పగ్గాలు లేవు. లారీ తెచ్చుకున్నాడు. నాకు తెలుసమ్మా. తెలిసే ఇచ్చాను. మీ నాన్న హాస్టలు ఫీజుకి సరిపోయింది" అన్నారు.

మా వారు లేచి వెళ్లి కాలవలో చేతులు కడుక్కుని, చాలాసేపు అక్కడే నిలబడ్డారు. పాప ఏమీ అనలేదు. తన చేతిలో ఉన్న అరిసె సగం విరిచి తాతయ్య కంచంలో పెట్టింది.

తిరుగు ప్రయాణంలో ఉయ్యూరు దగ్గర మళ్లీ చెరకు ట్రాక్టర్ల వెనక ఆగాం. చీకటి పడుతోంది. మావయ్యగారు నిద్రపోయారనుకున్నాను. కళ్లు మూసుకునే, "రాముడు, భీముడు" అన్నారు. ఎవరని అడిగాను. "జత" అన్నారు.

రాత్రి పెద్దవాడు ఫోన్ చేశాడు. ఆ మట్టి ట్రాక్ కార్లు పాడైపోయాక ఏం చేస్తారో కనుక్కోమన్నారు తాతయ్య. పార్టులు ఊడదీసి పనికొచ్చేవి వేరే కార్లకి వేసుకుంటారు, మిగతాది తుక్కుకి వేస్తారు అని చెప్పాడు వాడు. ఆయన ఊ కొట్టి ఫోన్ నా చేతికిచ్చారు.

మర్నాడు పొద్దున పాప నన్ను లేపి అడిగింది, ఊళ్లో మన కొట్టంలో కట్టెలు ఎప్పుడు తీయిస్తారని. ఎందుకే అంటే, చూడటానికి అంది.